చీకట్లో చెయ్యి వెళ్లే చోటు

మా అత్తయ్య అర్ధరాత్రి మంచం దిగితే ఎడమ చెయ్యి దానంతట అదే గోడ మీదికి వెళ్తుంది. తలుపు చట్రానికి జానెడు ఇవతల, ఆవిడ భుజానికి కాస్త కింద స్విచ్ ఉంటుంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. ఇప్పుడు ఆవిడకు చూపు మందగించింది, మోకాళ్లు మాట వినడం లేదు, అయినా ఆ చెయ్యి మాత్రం తడుముకోదు. మలేషియాలోని క్లాంగ్‌లో మా ఇంట్లో దీపాలూ ఫ్యాన్లూ వేళకు వాటంతట అవే వెలిగి ఆరేలా ఏర్పాటు చేయించాలని తలపెట్టినప్పుడు నేను అన్నీ ఆలోచించాను, ఆ చేతి గురించి తప్ప. దాని గురించి ఆలోచించినవాడు మా వైర్‌మన్. ఆయన పనితనం గురించే ఈ నాలుగు మాటలూ.

అంతకు ముందు ఒకసారి చేతులు కాల్చుకున్నాం. ఒక కంపెనీ మనుషులు వచ్చి ఒక్క పూటలో దీపాల స్విచ్‌లన్నీ పీకేసి నున్నటి గాజు పలకలు బిగించి వెళ్లారు. వేలు తాకిస్తే దీపం వెలుగుతుంది, ఫోన్‌లో నొక్కినా వెలుగుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆ రాత్రే అత్తయ్య లేచి గోడంతా తడిమింది. ఎత్తుపల్లాలు లేని గాజు మీద చేతికి ఏం ఆనుతుంది? పైగా పడకగది బల్బు ఆర్పినా పూర్తిగా ఆరేది కాదు, మిణుగురులా మెరుస్తూనే ఉండేది. "ఈ దీపం కొండెక్కదేటే?" అని ఆవిడకు ఒకటే బెంగ. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ తన సర్వర్ మూసేసింది. ఫోన్‌లో చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోయింది. మా ఇంటి వరండా దీపం వెలగాలంటే ఎక్కడో పరాయి దేశంలో ఒక యంత్రం నడుస్తూ ఉండాలన్న సంగతి అది ఆగిపోయిన రోజున గానీ నాకు తెలియలేదు.

మిణుగురు వెలుగుకు కారణం చిన్నదే. మలేషియా ఇళ్ల వైరింగు బ్రిటిష్ పద్ధతిలో వచ్చింది. మా ఇల్లు లాంటి పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్ పెట్టెలోకి రెండే తీగలు దిగుతాయి. ఒకటి కరెంటు తెచ్చే లైవ్, రెండోది దాన్ని బల్బుకు మోసుకుపోయేది. తిరుగుదారి అయిన న్యూట్రల్ పైకప్పు మీదుగా నేరుగా బల్బు దగ్గరికే వెళ్లిపోతుంది. మామూలు స్విచ్‌కు దానితో పనిలేదు. కడుపులో చిన్న కంప్యూటర్ ఉన్న స్విచ్ సంగతి వేరు. అది రాత్రింబవళ్లు మేలుకొని ఉండాలి, మేలుకోవడానికి కాస్త కరెంటు తాగాలి, ఆ కరెంటు తిరిగి వెళ్లడానికి దారి ఉండాలి. న్యూట్రల్ దొరకని చోట అలాంటి స్విచ్‌లు బల్బులోంచే దొంగదారిన కొద్దిపాటి కరెంటు పంపించుకొని బతుకుతాయి. పాత ఫిలమెంటు బల్బుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఎల్‌ఈడీకి మాత్రం ఆ కాస్తా చాలు, మినుకుమినుకుమంటుంది.

వైర్‌మన్ మాకు దూరపు చుట్టం. వాళ్ల ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ వైపు తెలుగే, మధ్యమధ్య మలాయ్ మాటలు దొర్లుతుంటాయి. ఇక్కడి భాషలో ఆయన 'పెండావాయ్', అంటే ప్రభుత్వ ఇంధన కమిషన్ దగ్గర నమోదైన వైర్‌మన్. ఆ కాగితం లేనివాళ్లు ఇంటి వైరింగు మీద చెయ్యి వెయ్యకూడదు. వెంట కూతుర్ని తెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది. తీగల పని తండ్రిది, కంప్యూటర్ పని కూతురిది.

మొదటి రోజు సంచీ విప్పలేదు. అత్తయ్యను పిలిచి, "మామ్మా, కళ్లు మూసుకో. పక్క మీంచి లేచినట్టే లేచి లైటెయ్యి" అన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ లేచింది. చెయ్యి గోడకు ఆనిన చోట పెన్సిల్‌తో చిన్న గీత గీశాడు. బాత్రూమ్ దగ్గర, వంటింట్లో, దేవుడి గదిలో, వరండాలో, అలా ఏడు చోట్ల. గాజు పలకల్లో మూడు ఆ గీతలకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. "ఈ గీతలు కదలకూడదు అక్కా. మనం ఏం పెట్టినా వీటి ఎనకే దాక్కోవాల" అన్నాడు నాతో.

ఇల్లంతా తిరుగుతూ అత్తయ్య ఆయనకు తన చిన్నతనం చెప్పింది. ఆవిడ పుట్టింది క్లాంగ్‌కు దక్షిణాన ఉన్న పులావ్ కేరీలో, తోట కూలీల లైను ఇళ్లలో. ఎస్టేటు వాళ్ల జనరేటర్ రాత్రి పదింటికి ఆగిపోయేదట. ఆగే ముందు దీపాలు ఓసారి మందగించేవట, అప్పుడే పక్కలు పరుచుకోవాలని దానర్థం. క్లాంగ్ నది ఒడ్డున కనాట్ బ్రిడ్జ్ విద్యుత్కేంద్రం 1953లోనే మొదలైంది. ఈ జిల్లాలోనే కాపర్ దగ్గర మరో పెద్ద కేంద్రం ఉంది. దేశానికి కరెంటు పండించే ఊరు మాది. అయినా ఆవిడ చేతికి స్విచ్ అనేది అందింది పెళ్లయి ఈ ఊరు వచ్చాకే. స్విచ్ వేసిన ప్రతిసారీ ఒక క్షణం దీపం వంక చూసే అలవాటు ఆవిడకు ఇంకా పోలేదు.

రెండో రోజు పని మొదలైంది. ముందు పడకగది పెట్టె. గాజు పలక తీస్తే లోపల పాత ఇనుప పెట్టె కనిపించింది, పట్టుమని 25 మిల్లీమీటర్ల లోతు లేదు. దాన్ని తీసి 47 మిల్లీమీటర్ల పెట్టె దింపాలి. గోడ ఇటుకది. కింద పాత పేపరు మడిచి సంచీలా టేపుతో అంటించాడు, ఉలి దెబ్బకు రాలిన ధూళంతా అందులోనే పడింది. ఉలిని నిటారుగా కొట్టలేదు, ఇటుకను చెక్కు తీసినట్టు పక్కవాటుగా కొట్టుకుంటూ వెళ్లాడు. చుట్టూ సున్నం పెచ్చు కూడా ఊడలేదు. పెట్టె కూర్చోబెట్టి లెవెల్ చూసుకొని, తీగలు వచ్చే రంధ్రం అంచుకు రబ్బరు తొడుగు పెట్టాడు. ఇనప అంచు తీగ తొడుగును కోస్తుందని ఏ వైర్‌మన్‌కైనా తెలుసు. తెలిసినా పెట్టనివాళ్లను చాలామందిని చూశాను.

అప్పుడు న్యూట్రల్ దింపాడు. ఈ పనంతటికీ ప్రాణం అదే. అటకెక్కి, పెంకుల వేడిలో పాకుతూ వెళ్లి, బల్బు దగ్గరున్న నల్ల తీగ నుంచి ఒక కొత్త నల్ల తీగ కలిపాడు. ఉక్కు రిబ్బన్‌ను గోడలోని పైపులోంచి కిందికి వదిలితే కూతురు పెట్టె దగ్గర అందుకుంది. తీగ చివర రిబ్బన్‌కు కట్టి, కొద్దిగా పౌడర్ రాసి, పైనుంచి ఆయన నెట్టడం, కిందనుంచి అమ్మాయి లాగడం. "తారిక్" అంటే లాగమని, "తుంగ్గు" అంటే ఆగమని. రెండు మలాయ్ మాటలతో తండ్రీకూతుళ్లు ఏడు గోడలు దాటారు. ఒక పెట్టెలో పాత కంపెనీ మనుషులు ఎర్ర తీగనే న్యూట్రల్‌గా వాడి వదిలేశారు. రేపు ఎవడో ఎరుపు చూసి లైవ్ అనుకుంటాడు, లేదా నలుపు చూసి ధైర్యంగా ముట్టుకుంటాడు. ఆయన పని ఆపి, ఆ తీగ రెండు చివర్లా నల్ల గొట్టం తొడిగి, వేడి చేసి బిగించాకే ముందుకు కదిలాడు.

ఇప్పుడు అసలు పనితనం. మార్కెట్లో దొరికే చిన్న రిలే మాడ్యూల్ అగ్గిపెట్టెంత ఉంటుంది. లోపల ఈఎస్‌పీ8266 అనే గోరంత చిప్. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో దాన్ని తెచ్చాకే ఇలాంటి సామాను సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. మామూలుగా అందరూ ఈ మాడ్యూల్‌ను స్విచ్‌కూ బల్బుకూ మధ్య పెడతారు. గోడ స్విచ్ మాడ్యూల్‌కు కబురు చెబుతుంది, మాడ్యూల్ బల్బు వెలిగిస్తుంది. బాగానే ఉంటుంది, మాడ్యూల్ బతికున్నంత వరకు. అది చస్తే గోడ స్విచ్ కూడా దానితోపాటే చస్తుంది.

ఆయన అలా పెట్టలేదు. మేడ మెట్లకు కిందొక స్విచ్, పైనొక స్విచ్ ఉండి ఒకే బల్బును ఎక్కణ్నుంచైనా వెలిగించుకునే ఏర్పాటు మీరు చూసే ఉంటారు. ఆ రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు నడుస్తాయి. రెండూ ఒకే తీగ మీద ఉంటే బల్బు వెలుగుతుంది, చెరో తీగ మీద ఉంటే ఆరుతుంది. ఏ స్విచ్ మార్చినా బల్బు తీరు మారుతుంది. మాడ్యూల్ పెట్టిన ప్రతి పెట్టెలోనూ ఆయన ఈ మెట్ల స్విచ్ ఉపాయాన్నే వాడాడు. గోడ మీది స్విచ్ ఒకటి, దాని వెనక దాక్కున్న రిలే రెండోది. మెట్లు లేవు, పై అంతస్తు లేదు, రెండు స్విచ్‌ల మధ్య దూరం రెండంగుళాలు. లైవ్ తీగ గోడ స్విచ్ నడిమి మరలోకి, దాని రెండు కాళ్ల నుంచి రెండు పొట్టి తీగలు రిలే రెండు కాళ్లకు, రిలే నడిమి మర నుంచి బల్బుకు. రిలేకు ఇటూ అటూ మారే మూడు మరలు విడిగా ఉన్న మాడ్యూల్ కావాలి. దానికోసం కౌలాలంపూర్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే జలాన్ పసార్ వీధి అంతా గాలించి తెచ్చాడట.

దీనివల్ల ఏమయిందో చెప్తాను. మాడ్యూల్స్‌ను నడిపే కంప్యూటర్ ఆగిపోనీ, వైఫై పోనీ, మాడ్యూలే కాలిపోనీ, దాని రిలే ఏదో ఒక కాలు మీద నిలబడిపోయి ఉంటుంది కదా. ఎక్కడ నిలబడినా సరే, గోడ మీది స్విచ్ నొక్కితే బల్బు వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. లోపలి తెలివంతా చచ్చిపోయినా ఇల్లు వెనకటి ఇల్లులాగే ఉంటుంది. బల్బులు ఎన్నిసార్లు ఫోన్‌లోంచి వెలిగించారన్నది కాదు, ఇదీ నాకు మంచి పనికి గీటురాయిగా కనిపించింది.

దీనికి చెల్లించే ధర ఒకటుంది. స్విచ్ కిందికి ఉంటే వెలిగినట్టు, పైకి ఉంటే ఆరినట్టు అన్న గుర్తు పోతుంది. ఆ మాట ఆయనే ముందు చెప్పి అత్తయ్యను అడిగాడు. "నాకు దీపం కనబడతాది గదా బాబూ, స్విచ్ ఎటుంటే ఏటి?" అందావిడ.

మరి కంప్యూటర్‌కు దీపం కనబడదే? రిలే ఎటుందో మాడ్యూల్‌కు తెలుసు గానీ గోడ స్విచ్ ఎటుందో తెలియదు. కాబట్టి బల్బు నిజంగా వెలుగుతోందో లేదో దానికి తెలియదు. "పది దాటింది, ఆర్పెయ్" అని కంప్యూటర్ అంటే ఆరి ఉన్న దీపం కాస్తా వెలుగుతుంది. దీనికి తండ్రీకూతుళ్లు కలిసి వెతికిన ఉపాయం ఆప్టోకప్లర్, మినప్పప్పు బద్దంత నల్ల ముక్క. దాని లోపల ఒక వైపు బుల్లి ఎల్‌ఈడీ, ఎదురుగా వెలుగును పసిగట్టే కన్ను, మధ్యలో కరెంటు దాటలేని గోడ. బల్బుకు పోయే తీగలోంచి చాలా కొద్దిగా కరెంటు తీసి ఆ ఎల్‌ఈడీకి ఇస్తారు. గదిలో దీపం వెలిగితే ఈ బుల్లి దీపమూ వెలుగుతుంది, కన్ను చూసి మాడ్యూల్‌కు చెబుతుంది. రెండు వైపులా కలిపేది వెలుగు ఒక్కటే, తీగ కాదు. అందువల్ల గోడలోని 240 వోల్టులు చిప్ వైపు రావు. ఆ ముక్కను చేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాను. గదిలో వెలుగుందా అని తెలుసుకోవడానికి లోపల ఇంకో దీపం వెలిగించుకున్నారు!

పెట్టెలో తీగలు సర్దిన తీరు చూడాలి. ఒంటి తీగ మరలో వదులుగా ఉంటుందనుకుంటే చివర మడిచి జంటగా చేసి పెట్టాడు. ఎక్కడా తీగలు మెలేసి టేపు చుట్టలేదు. ప్రతి తీగకూ అంకె ఉన్న తొడుగు వేశాడు. మాడ్యూల్‌ను ఇనుప పెట్టె అడుగున పెడితే వైఫై అందదు, ఇనుము రేడియో తరంగాలను బయటికి పోనివ్వదు. అందుకని దాని యాంటెన్నా వైపు ముందుకు, ప్లాస్టిక్ పలక వీపుకు ఆనేలా నిలబెట్టాడు. పలక బిగించాక రెండు మరల గాళ్లూ నిట్టనిలువుగా ఉన్నాయి. ఏడు పలకల మీద పద్నాలుగు మరలు, పద్నాలుగూ నిలువే. "అలా ఎందుకు?" అని అడిగాను. "ఎవరైనా ఇప్పితే నాకు తెలిసిపోద్ది అక్కా" అన్నాడు. అడ్డంగా ఉంటే దుమ్ము పట్టి గాడి పూడిపోతుందని కూతురు అందించింది.

ఇల్లంతా ఇలా ఒకే కొలతతో చేస్తే ఆయన గురించి ఇంత రాసేదాన్ని కాను. ఏ సామానుకు ఏ మర్యాదో ఆయనకు తెలుసు. స్నానాల గది వాటర్ హీటర్ 3.6 కిలోవాట్లది, 240 వోల్టుల మీద 15 ఆంపియర్లు లాగుతుంది. రిలే మీద 16 ఆంపియర్లని అచ్చు వేసి ఉంటుంది, సరిపోతుంది కదా అన్నాను. రాసిన దాన్ని నమ్మి ఆ అంచున నడవకూడదని, మెయిన్ బోర్డులో 25 ఆంపియర్ల కాంటాక్టర్ పెట్టాడు. చిన్న రిలే కాంటాక్టర్‌ను కదిలిస్తుంది, బరువు కాంటాక్టర్ మోస్తుంది. ఆపైన ఇంకో నియమం పెట్టాడు. హీటర్‌ను యంత్రం ఆర్పవచ్చు, వెలిగించకూడదు. ఎవరైనా వేసి మరిచిపోతే అరగంటకు దానంతట అది ఆగిపోతుంది. వెయ్యడం మాత్రం మనిషి పని, తలుపు పక్కనున్న పాత స్విచ్‌తోనే. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు జోలికి అసలు పోనే లేదు. దానికీ కావాలని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు, అంతే.

ఏసీకి రిలే పెట్టలేదు. నడుస్తున్న కంప్రెసర్‌కు కరెంటు ఠకీమని తీసెయ్యడం, వెంటనే మళ్లీ ఇవ్వడం దాని ఆయుష్షుకు మంచిది కాదు. రిమోట్ పంపే పరారుణ సంకేతాలనే పంపించే చిన్న డబ్బా గోడకు అంటించారు. ఏసీకి అది రిమోటే అనిపిస్తుంది, తన పద్ధతిలో తాను ఆగుతుంది. ఫ్యాను మోటారు ఆగేటప్పుడు రిలే కాళ్ల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, నాలుగు నెలలకు కాళ్లు నల్లబడతాయి. ఆ రవ్వను మింగడానికి ఒక కెపాసిటరూ ఒక రెసిస్టరూ కలిసిన ముక్క అడ్డం వేశాడు. గేటు మోటారుకు గోడ బటన్ తీగలు ఉండనే ఉన్నాయి, వాటికి సమాంతరంగా అరక్షణం నొక్కి వదిలే రిలే ఒకటి. అది పది నిమిషాల పని.

మెయిన్ బోర్డు దగ్గర మాత్రం ఒక రోజంతా కూర్చున్నాడు. క్లాంగ్ వైపు పిడుగులు ఎక్కువ. మధ్యాహ్నం మూడు దాటితే మబ్బు కమ్మడం, ఒక్క మెరుపు, ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే మీట) ట్రిప్ అవడం ఇక్కడ అందరికీ అనుభవమే. ఒక దీపావళికి బాగన్ దాతోలోని చుట్టాల ఇంటికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగి వస్తే ఫ్రిజ్ తలుపు తెరవలేకపోయాం. ఇల్లంతటికీ ఒకే 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండడం వల్ల వచ్చిన తంటా అది. ఫ్రిజ్‌కూ, ఇంటి కంప్యూటర్‌కూ కలిపి విడిగా ఒక రక్షణ పెట్టాడు. హీటర్‌కు 10 మిల్లీ ఆంపియర్లది ఎలాగూ ఉండాలి, తడి చోటు కదా. మెరుపు తెచ్చే పోటును భూమిలోకి మళ్లించే సర్జ్ అరెస్టర్ కూడా బిగించాడు. ఏ మీట ఏ గదిదో రాసి మూత లోపల ఒక కాగితం అంటించాడు. వంకర టింకరగా ఉన్నా తెలుగు అక్షరాలు. మలేషియా తెలుగు సంఘం తరగతుల్లో కూతురు నేర్చుకుని, తర్వాత తండ్రికి నేర్పిందట. 'దేవుడి గది', 'ఒంటిల్లు', 'మామ్మ గది'. అది 'వంటిల్లు' అని నేను దిద్దలేదు. ఆ మాట ఆయన నోట ఎలా పలుకుతుందో అలాగే ఉంది.

కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్‌తో పరీక్ష చేశాడు. 500 వోల్టులు ఇచ్చి తీగల తొడుగు ఎక్కడైనా కారుతోందా అని చూసే పరీక్ష అది. మామూలు ఇంట్లో ఐదు నిమిషాల పని. ఇక్కడ మాడ్యూల్స్ కలిపి ఉండగా ఇస్తే ఆ దెబ్బకు చిప్‌లు మాడిపోతాయి. కాబట్టి మాడ్యూల్ ఉన్న పలకలన్నీ విప్పి, మాడ్యూల్స్ విడదీసి, పరీక్షించి, మళ్లీ కలిపి, మళ్లీ మరల గాళ్లు నిలువుగా తెచ్చి బిగించాడు. అడగనివాడికి ఎవడికీ తెలియని పని.

కూతురి భాగం గురించి కూడా చెప్పాలి. ఇంటి యంత్రాలను కబుర్లతో నడిపించాలన్న ఊహ కొత్తది కాదు. స్కాట్లండ్‌లో ఒక చిన్న సంస్థ 1975లోనే ఎక్స్10 అనే పద్ధతి తెచ్చింది, గోడలోని కరెంటు తీగల్లోంచే సంకేతాలు పంపేది. ఇప్పుడు కబుర్లు గాల్లో నడుస్తాయి. మాడ్యూల్స్‌లో ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన ప్రోగ్రాం బయటి సర్వర్‌కు ఫోన్ చేస్తుంది. ఆ అమ్మాయి దాన్ని తుడిచేసి, థియో ఆరెండ్స్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన టస్మోటా ఎక్కించింది. మాడ్యూల్‌కు గోడ కరెంటు తగిలించి ఉండగా లోపలి పిన్నులు ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అవన్నీ గోడకెక్కక ముందే, బల్ల మీద 3.3 వోల్టుల మీద చేసి పెట్టింది. ఆ క్రమం తప్పకూడదని తండ్రి ఒట్టు వేయించుకున్నాడు.

హాల్లో పుస్తకాల అలమరలో అరచేతిలో పట్టే రాస్‌బెరీ పై కంప్యూటర్ ఉంది. అందులో హోమ్ అసిస్టెంట్ నడుస్తుంది. పౌలుస్ స్కౌట్సన్ అనే డచ్ యువకుడు తన ఇంటి దీపాల కోసం 2013లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. ఏ కబురూ గుమ్మం దాటదు. మాడ్యూల్స్ మాట్లాడుకునే భాష ఎమ్‌క్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని ఎడారుల్లో చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా కనిపెట్టుకుని ఉండడానికి తయారుచేశారు. అక్కడ అక్షరం అక్షరానికీ డబ్బే కాబట్టి పొదుపుగా మాట్లాడే భాష. అందులో నన్ను కట్టిపడేసింది వీలునామా. ప్రతి మాడ్యూల్ కనెక్ట్ అయ్యేటప్పుడే, 'నేను చెప్పాపెట్టకుండా పోతే నా తరఫున ఈ మాట అందరికీ చెప్పు' అని ఒక కబురు రాసి ఇచ్చేస్తుంది. మాడ్యూల్ ఆగిపోతే ఆ కబురు బయటికి వస్తుంది. వంటింటి మాడ్యూల్ ఒకసారి ఆగిపోయినప్పుడు మేం గమనించక ముందే దాని వీలునామా నా ఫోన్‌లో కనిపించింది. వంటింటి దీపం మాత్రం అప్పుడూ గోడ స్విచ్‌తో వెలుగుతూనే ఉంది.

అత్తయ్య రాత్రి నడక కోసం పడకగదికీ బాత్రూమ్‌కూ మధ్య ఒక కదలిక కన్ను పెట్టారు. ఒంటి వేడిని చూసే కన్ను అది. క్లాంగ్ ఉక్కలో గోడ వేడికీ మనిషి వేడికీ పెద్ద తేడా ఉండదు, కాబట్టి దానికి మనిషి అంత స్పష్టంగా కనబడడు. ఎదురుగా వచ్చేదానికన్నా అడ్డంగా దాటేదాన్ని బాగా పడుతుందని తండ్రి దాన్ని నడవా చివర నుంచి తీసి పక్క గోడకు మార్చాడు. మొదటి రాత్రి మూడుసార్లు ఊరికే వెలిగింది. చూస్తే బల్లి. కటకం పైన సగం టేపు అంటించి, కన్నును మోకాలి ఎత్తుకు దించాక ఆ గొడవ తీరింది. రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా కాలి దగ్గర చిన్న వెలుగు, అంతే. కళ్లు జిగేలుమనవు.

వరండా దీపం సూర్యుణ్ని బట్టి వెలుగుతుంది. విశాఖలో చలికాలం ఐదున్నర కాకముందే పొద్దుగూకుతుంది, జూన్ చివరికి ఆరున్నర దాటుతుంది. క్లాంగ్ భూమధ్యరేఖకు 3 డిగ్రీల దూరంలోనే ఉంది, ఏడాది పొడవునా సాయంత్రం ఏడుకూ ఏడున్నరకూ మధ్యే. ఉన్న అరగంట తేడానైనా ప్రోగ్రాం రోజూ లెక్కకట్టి, పొద్దుగూకడానికి పది నిమిషాల ముందు వరండాలో వెలిగిస్తుంది. దేవుడి గదికి మాత్రం ఏమీ పెట్టలేదు. అక్కడ అత్తయ్య నూనె వత్తి తానే వెలిగించుకుంటుంది. ఆ గది స్విచ్ వెనక పెట్టె ఖాళీగానే ఉంది, న్యూట్రల్ మాత్రం దింపి చివర మూసి ఉంచాడు. రేపు ఎవరికైనా కావాలంటే ఉంటుందని.

డబ్బు ఆదా అవుతుందా అని మా ఆయన అడిగితే వైర్‌మన్ దాచకుండా చెప్పాడు. మాడ్యూల్స్, కంప్యూటర్ అన్నీ కలిపి రోజంతా మేలుకుని ఉండడానికే పది వాట్లు, నెలకు ఏడు యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వేళకు ఆర్పినందువల్ల మిగిలేది దానికి సరి. ఏసీ మరిచిపోకుండా ఆగితే ఏమైనా మిగలవచ్చు.

ఆరో రోజు సాయంత్రం పని ముగిసిందన్నాడు. ముగించే ముందు అలమర దగ్గరికి వెళ్లి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. వైఫై పెట్టె కూడా ఆపేశాడు. ఫోన్ తీసి చూస్తే అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. అప్పుడు అత్తయ్యను పిలిచాడు. "మామ్మా, మొదటి రోజు లాగే ఓసారి ఇల్లంతా తిరిగి లైట్లెయ్యి." కిటికీ తెరలు కూతురు మూసేసింది.

ఆవిడ పడకగదిలోంచి మొదలెట్టింది. ఎడమ చెయ్యి గోడ మీదికి వెళ్లింది, పెన్సిల్ గీత ఉన్న చోటికే. టక్కుమంది, దీపం వెలిగింది. ఆవిడ ఒక క్షణం దాని వంక చూసి నడిచింది. నడవా, బాత్రూమ్, హాలు, దేవుడి గది, వరండా. ఆయన వెనకే నడుస్తూ ఏడు దాకా లెక్కపెట్టుకున్నాడు. ఏడోది వంటిల్లు. అక్కడ ఆవిడ స్విచ్ వేసి, ఆపి, మళ్లీ వేసి వెనక్కి తిరిగింది.

"ఆరు రోజులు గోడలన్నీ తవ్వేవు గదా బాబూ. ఏటి మార్చేవు?"

"ఏటీ మార్చనేదు మామ్మా" అన్నాడాయన. కంప్యూటర్ ప్లగ్గు మళ్లీ పెట్టడానికి హాల్లోకి వెళ్లాడు.